బీరువాలో కంప్యూటరు

ఆ రోజుల్లో ప్రొద్దుటూరులో కంప్యూటరు నేర్చిన ఆడపిల్లంటే సగం డాక్టరు కింద లెక్క. ఆర్నెల్ల కోర్సు చేసి, నేర్చుకున్న చోటే టీచరుగా చేరిన నేను ఆ మాటను పూర్తిగా నమ్మేశాను. (జమ్మలమడుగులో మిషన్ బడి పంతులమ్మ అయిన మా అమ్మ మాత్రం "ముందు నీ బట్టలు సర్దుకోవే" అనేది.) పల్లెల్లో పార్టీ గొడవలు మండుతున్న కాలమది. ముద్దనూరు దాటాక పులివెందుల దారిలో ఒక ఊరి నాయకుడు ఉండేవాడు. అందరూ పెద్దాయన అనేవాళ్లు. మనవరాలిని కంప్యూటరు క్లాసులకు ప్రొద్దుటూరు పంపడానికి భయపడి, ఇంటికే ఒక పాత కంప్యూటరు కొనిపెట్టాడు. అది మొదలుపెట్టిన కాసేపటికే బిగుసుకుపోతోందని కబురొస్తే, మా సెంటరు ఓనరు నన్ను పంపాడు.

గొడవల భయానికి ఇంట్లో కిటికీలన్నీ ఏళ్లుగా మూసి ఉన్నాయి. టేబుల్ మీద తెర, కీబోర్డు, మౌసు తప్ప ఇంకేమీ లేదు. అసలు పెట్టె ఎక్కడని అడిగితే, పెద్దాయన మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి తీసి ఇనుప బీరువా తెరిచాడు. పట్టుచీరల పక్కన, పూలు కుట్టిన గుడ్డ కప్పుకుని కూర్చుంది పెట్టె. బీరువా వెనక తొలిచిన రంధ్రంలోంచి వైర్లు బయటికొచ్చాయి.

"అమ్మినోడు చెప్పినాడు పాపా, ఆ టీవీ మాదిరిది పోతే పోనీ, బుర్రంతా దీంట్లోనే ఉండాదని. బుర్రను బయట పెట్టుకుంటామా?" అన్నాడు. ఆ జాగ్రత్తకు నేను మెచ్చుకోలుగా తలూపాను కూడా. ఆయన స్విచ్ నొక్కి మళ్లీ తాళం వేశాడు.

కాసేపు చక్కగా ఆడి, తెర మీద బాణం గుర్తు ఉన్నచోటే నిలబడిపోయింది. నాకు తెలిసిన మీటలన్నీ నొక్కాను. తెలియనివి ఇంకాస్త గట్టిగా నొక్కాను.

"ఏందయింది?"

"వైరస్ అయ్యుంటుంది తాతా."

"అంటే ఏంది?"

"గిట్టనివాళ్లు ఎవరో తయారుచేసి వదులుతారు" అన్నాను, తెలియదనలేక.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. "నా ఇంట్లోకే వదిలినారా! ఎవురో నాకు తెలుసులే. రేయ్, జీపు తీయండ్రా!"

అరుగు మీది మనుషులు లేచారు. ఇంజను మోగింది. "మేడం, తాతను ఆపండి మేడం" అని మనవరాలు నా చెయ్యి పట్టుకుంది. నేను గొప్పకు అన్న ఒక్క మాటతో పక్క ఊళ్లో ఎవరి తల పగలబోతోందో! "ఆగండి తాతా, ఇంకోసారి చూస్తాను, ఆ తాళంచెవి ఇయ్యండి!" అని దాదాపు లాక్కున్నాను.

బీరువా తెరవగానే ఉడుకుతున్న అన్నం గిన్నె మూత తీసినట్టు వేడి ముఖాన కొట్టింది. పెట్టె ముట్టుకుంటే వేళ్లు చురుక్కుమన్నాయి. "వైరస్ కాదు తాతా, ఉక్క! ఒట్టి ఉక్క!" అని ఎన్నికల మైకు కూడా చిన్నబోయేలా అరిచాను. పెట్టెను బయటికి లాగి, గుడ్డ పీకేసి, వెనక ఫ్యానులో ఇరుక్కున్న దూదిలాంటి దుమ్ము ఊదేసి, చల్లారాక మళ్లీ స్విచ్ నొక్కాను. జీపు తోలేవాడితో సహా అందరూ తెర చుట్టూ మూగారు. బాణం గుర్తు కదిలింది. మనవరాలు ఇల్లు బొమ్మ గీసింది, రంగులేసింది, చెరిపి ఇంకోటి గీసింది. బాణం ఆగనే లేదు.

"అయితే ఎదురు పార్టీ పని కాదంటావు?" పెద్దాయన గొంతులో కాస్త నిరాశ వినిపించింది.

"కాదు తాతా. అన్ని పక్కలా మూసేస్తే గాలాడక బిగుసుకుపోయింది, అంతే."

ఆయన ఆ పెట్టెకేసి, మూసిన కిటికీలకేసి చూశాడు. "ఇంజను ఆపండ్రా" అన్నాడు. తర్వాత తనే లేచి, వీధివైపు కిటికీ గడియను తీయబోయాడు. తుప్పు పట్టి రాకపోతే అరచేత్తో గుద్దాడు.

"అప్పా, ఆ కిటికీనా!" అన్నారు మనుషులు.

"దానికి గాలి కావాలంటాంది గదరా పాప" అని తెరిచేశాడు. వెలుతురు ఇంట్లోకి వచ్చిపడింది. పెద్దాయన కుర్చీ అక్కడికే లాక్కుని, కొత్తగా ఊరికొచ్చినవాడిలా తన వీధినే చూస్తూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి "కంప్యూటరు బాగుచేశానమ్మా!" అని ఎగిరి గంతేశాను. జీపు సంగతి, కిటికీ సంగతి చెప్పాలని కూడా తోచలేదు. తర్వాత ఎన్ని యంత్రాలు బాగుచేశానో గానీ, అంత పెద్ద రిపేరు మళ్లీ నా చేతికి రాలేదు. ఆ గర్విష్ఠి పిల్ల ఇప్పుడు ఎదురైతే నవ్వుతూ ఒక మొట్టికాయ వేసి, గట్టిగా కావలించుకోవాలని ఉంటుంది.