నిద్ర లేవని పక్క

రాత్రంతా ఎడమ దవడ పన్ను సలిపి నిద్ర పట్టలేదు. పొద్దున కుడి పక్క మాత్రమే బ్రష్షుతో తోముకుంటా ఉంటే అమ్మ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు, యుద్ధం రోజులు. మా ఊరు ఐరాలలో చెరుకు కోతకు పోయే ముందు అమ్మ నా వేపపుల్ల కొస నమిలి, కుంచె మాదిరి మెత్తగా చేసిచ్చేది. ఎప్పుడూ కుడి పక్కనే నమిలేది.

"ఎడమ పక్క నమలవేం మా?" అని అడిగినాను ఒకరోజు.

"ఆ పక్క ఇంకా నిద్ర లేయలేదు పాపా" అనింది.

లేపుదామని ఆ చెంప మీద వేలితో తట్టినాను. అమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. వేప చేదు అనుకున్నాను.

"నువ్వు బాగా తోముకో" అని పుల్ల నా చేతిలో పెట్టి, కొడవలి తీసుకుని పోయింది.

ఆ పక్క అసలు నిద్రే పోలేదని నాకు ఇవాళ తెలిసింది.