పక్కింటి అంకుల్, మా పెద్ద రోడ్డు

పోయిన మంగళవారం మా పక్కింటి అంకుల్ పోయారు. నిద్రలోనేనట. ముందురోజు పొద్దున కూడా నన్ను ఆఫీసుకి ఆలస్యం చేశారు కాబట్టి, ఆరోగ్యం బాగానే ఉందనుకున్నాం.

వై టూ కే కంప్యూటర్ పని మీద ఆస్ట్రేలియాలోని పెర్త్ వచ్చి, కానింగ్ వేల్‌లో అద్దె ఇంట్లో దిగిన మొదటి పొద్దునే కంచె మీంచి కేక.

"బాబూ, ఎక్కడికి?"

ఆయన ఫిజీ తెలుగువారు. బయల్దేరేవాణ్ణి ఆ మాట అడక్కూడదని మన ఇళ్ళల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నా భార్య నన్ను వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి మళ్ళీ పంపింది. ఈలోగా ఆయన కారు కిటికీ దగ్గరికి వచ్చేశారు.

ఎక్కడికో చెబితే ఇక వదలరు. మేం ఎటు వెళ్ళాలన్నా వీధి చివరి పెద్ద రోడ్డెక్కాల్సిందే. దాని కథ మొదలు.

"హైవే దగ్గర స్టార్ట్ అయి, ఇట్లా దక్షిణంగా గుర్రాల కొట్టాల దాకా పోయేది బాబూ. మేమొచ్చినప్పుడు సగం తారు, సగం ఎర్రమట్టి. ఇప్పుడు రౌండబౌట్ ఉందే, అక్కడ స్ట్రాబెర్రీ తోట. వానొస్తే కార్లు దిగబడిపోయేవి."

నేను వాచీ చూసుకుంటే, "నో వర్రీస్, చిన్న కథే" అనేవారు. ఫిజీలో సైన్యం తిరగబడి గొడవలయ్యాక వచ్చిన మనిషి, పట్టుమని పదిహేనేళ్ళు లేని చరిత్రని రాజులనాటి సంగతిలా చెప్పేవారు. తోటలు పోయి ఇళ్ళు లేచాయి, రోడ్డు వెడల్పయింది, మలుపులు మారాయి. ఆయన మాత్రం పాత రోడ్డు దిగలేదు.

వై టూ కే గండం గడిచింది, నా కాంట్రాక్టు ముగిసింది. కొత్త ఉద్యోగానికి ఇంటర్వ్యూకి బయల్దేరుతుంటే మళ్ళీ అదే కేక, మళ్ళీ మంచినీళ్ళు. "రోడ్డు తవ్వుతున్నారు, తోట వెనక నుంచి పో, షార్ట్‌కట్" అన్నారు. పోయాను. దారి కొత్త ఇళ్ళ ఇటుక గోడ దగ్గర ఆగిపోయింది. ఆలస్యంగా చేరాను. ఉద్యోగం రాలేదు.

ఆ సాయంత్రం నా భార్య కంచె దగ్గరికి వెళ్ళింది. "బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడక్కూడదని మీకు తెలీదా అంకుల్?"

"తెలుసమ్మా. మా అమ్మ కూడా తిట్టేది. ఫిజీలో, సువాలో ఇంటికి తాళం వేసి మేం బయల్దేరిన పొద్దున, వీధంతా నిలబడి చూసింది. ఒక్కరు ఎక్కడికని అడగలేదు. అడిగుంటే ఆగిపోయేవాణ్ణేమో."

ఆమె ఇంట్లోకి వచ్చేసింది. మర్నాడు ఆయన మళ్ళీ అడిగారు. నాకు ఒళ్ళు మండింది. నా భార్య మాత్రం అప్పట్నుంచి గ్లాసుతో ముందే గుమ్మంలోకి వచ్చి నిలబడేది. తర్వాత నాకు ఇంకో ఉద్యోగం దొరికింది, పొద్దుటి తంతు మాత్రం మారలేదు. విసుక్కున్నానే గానీ, ఇంత ఊళ్ళో మేం ఎటు పోతున్నామో పట్టించుకున్నది ఆయనొక్కరే. ఆ కేక లేక ఈ వారమంతా టైముకే ఆఫీసు చేరుతున్నాను, ఏం బాగాలేదు.

శుక్రవారం కడసారి చూపుకి అంకుల్‌ని ఇంటికి తెచ్చారు. దండాలయ్యాక నల్ల కారు తలుపు మూశారు. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేస్తుంటే నా భార్య ముందుకెళ్ళి, వెనక అద్దం మీద చెయ్యి పెట్టి, అందరికీ వినబడేలా అడిగింది.

"ఎక్కడికి అంకుల్?"

డ్రైవరుకి తెలుగు రాదు. కారు మెల్లగా కదిలి, పెద్ద రోడ్డెక్కి, రౌండబౌట్ తిరిగింది. ఆమె ఇంకో చేతిలో మంచినీళ్ళ గ్లాసుంది.