బావ అప్పగించిన కుర్చీ

మొన్న పొద్దున్న ఉప్మా తింటుంటే పక్కనున్న మా కోడలి ఫోను, భద్రత కోసం కొత్త అప్‌డేట్ వచ్చింది వేసుకోమని అడిగితే, ఆ పిల్ల చూడనైనా చూడకుండా 'తర్వాత' అని నొక్కేసి చట్నీ అందుకుంది. నాకు చర్రున కోపం వచ్చింది. ఫోను లాక్కుని నేనే వేసిపెట్టాను. అత్తగారి చాదస్తం అనుకుని ఊరుకుంది పాపం. అలాంటి అప్‌డేట్ ఒకటి బయటికి వచ్చేలోగా ఎవరో ఎన్నాళ్లు నోరు కుట్టేసుకుని కూర్చుంటారో తనకేం తెలుసు, ఒకప్పుడు అలా కూర్చున్నదాన్ని నేను గనక నాకు తెలుసు.

మన వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లిన రోజులు. విజయనగరంలో కొందరు డాక్టర్లు కలిసి నడిపే చిన్న బ్లడ్ బ్యాంకులో నాకు ఆపరేటర్ ఉద్యోగం ఇప్పించింది మా పెద్దక్క భర్త, మా బావ. ఆయన అక్కడే టెక్నీషియను. రోజూ స్కూటరు మీద నన్ను వెనక కూర్చోబెట్టుకుని, దారిలో కనబడ్డవాళ్లందరినీ పలకరిస్తూ తీసుకెళ్లేవాడు, దాంతో మేము ఏనాడూ వేళకి చేరింది లేదు.

అక్కడ మేము వాడే ప్రోగ్రాం ఉచితంగా దొరికేది. దాని లోపలి రాతంతా అందరికీ కనబడేలా ఉండేది, ఎవరైనా చదవచ్చు, తప్పు కనబడితే దిద్ది పంపచ్చు. ఏయే దేశాలవాళ్లో తమ తీరిక వేళల్లో రాసిపెట్టినదాన్ని మాలాంటి వాళ్లం ఎక్కడెక్కడో వాడుకునేవాళ్లం. పని లేనప్పుడు ఆ రాత చదివి నేనూ కొంత నేర్చుకున్నాను. అందులో ఒక సౌకర్యమంటే బావకి ప్రాణం. రక్తం సంచీకి గ్రూపు నమోదు చేయాలన్నా మార్చాలన్నా టెక్నీషియనే చేయాలి గానీ, ఆయన లేచి వెళ్లాల్సి వస్తే వచ్చినవీ పోయినవీ రాయడానికి తన కుర్చీని, అంటే తెర మీద తన అధికారంలో కొంత, కాసేపు ఇంకొకరికి అప్పగించవచ్చు. బావకి టీ మీద టీ పడాలి. ఆ దుకాణం దగ్గర కబుర్లూ పడాలి. ఎవరు ఎదురైతే వాళ్లకి కుర్చీ అప్పగించి వెళ్లిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం అలా నాకు అప్పగించి వెళ్లిన బావ తిరిగొచ్చి తన పని తను చేసుకుంటున్నా, నా తెర మీద ఆ అధికారం అలాగే ఉండిపోయింది. ఎందుకా అని తవ్వుతూ పోతే అసలు సంగతి బయటపడింది. అరువు కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎవరైనా ఒక పేజీ తెరిచి, తమ పేరు పక్కన తామే పెద్ద అధికారినని రాసేసుకోవచ్చు, ప్రోగ్రాం కిక్కురుమనదు. ఉత్తుత్తి పేర్లతో ఉన్న ప్రోగ్రాం నకలు మీద చేసి చూశాను. ఓ పాజిటివ్ గ్రూపు సంచీని నేను బి నెగటివ్ చేసేయగలిగాను. ఎక్కించే ముందు మళ్లీ సరిచూస్తారు, నిజమే, కానీ ప్రాణం మీదికొచ్చిన హడావిడిలో ఆ చూపు తప్పితే మనిషి దక్కడు.

మా పెద్ద డాక్టరుగారికి చెప్పి, ఆ ప్రోగ్రాం చూసుకునేవాళ్లకి చాటుగా ఉత్తరం రాశాను. నిజమేనని ఒప్పుకుని, మరమ్మతు అందరికీ అందేదాకా ఇంకెవరి చెవినా వేయవద్దని బతిమాలారు, ఎందుకంటే అదే తలుపు ఇంకెన్ని ఊళ్లలో బార్లా తెరిచి ఉందో. ఈలోగా మా దగ్గర కుర్చీ అప్పగించే సౌకర్యాన్ని డాక్టరుగారి మాట మీద నేనే ఆపేశాను.

"ఏటే, నా టీకి తాళమేసీసావేటి?" అని మొదట నవ్వాడు బావ. నేను తెర వైపు తిరిగి సంచీల లెక్క రాసుకోసాగేసరికి ఆయన ముఖం మారిపోయింది. "నా మీద నమ్మకం లేదని ఒక ముక్క సెప్పీ, ఊరుకుంటాను," అన్నాడు. ఉద్యోగం ఇప్పించిన మనిషి దగ్గర దొంగలా తల దించుకున్నాను. మర్నాటి నుంచి స్కూటరు మా వీధిలోకి రాలేదు, నేను ఆటో ఎక్కాను. మీ బావ కంచంలో సగం వదిలేసి లేస్తన్నాడే, ఏటైనాదే అని అక్క అడిగితే, ఏమీ లేదని చెప్పి వెనక్కి తిరిగి ఏడ్చాను.

ఆ ఏడుపంతా మరమ్మతు మీద పెట్టాను. అరువు కుర్చీలో ఉన్నవాళ్లు తమని తాము పెంచుకోకుండా, ఇంకొకరిని కూర్చోబెట్టకుండా, అసలు మనిషి రాగానే అధికారం దానంతటదే పోయేలా రాసి పంపాను. తలుపు బాగానే మూశావు గానీ కిటికీ వదిలేశావని, పాత జాబితాలు ప్రోగ్రాంలోకి ఎక్కించే దారిలోంచి కూడా ఇదే పని చేయవచ్చని, నేనెన్నడూ ముఖం చూడని మనిషి ఒకరు ఎంతో మర్యాదగా చూపించారు. మళ్లీ రాశాను. ఈసారి ఒప్పుకున్నారు.

అందరికీ అప్‌డేట్ చేరి, లోపం గురించి బహిరంగంగా ప్రకటించిన రోజున, అది మా దగ్గర ఎక్కించేసి, కుర్చీ అప్పగించే సౌకర్యాన్ని మళ్లీ తెరిచి, బావని పిలిచి తెర ముందు కూర్చోబెట్టి మొత్తం తెలుగులో చదివి వినిపించాను. కింద చిన్న అక్షరాల్లో నా పేరు కూడా ఉంది. ఆయన దాని మీద వేలు పెట్టి చదివాడు.

"అప్పుడే సెప్పుంటే సాయంత్రానికల్లా రాజాం దాకా పాకిపోయేది. నా నోరు నాకు తెల్దేటి?" అన్నాడు. లేచి, నా పేరు నొక్కి, కుర్చీ నాకు అప్పగించాడు. "కాసేపు సూడు, టీ తాగొస్తాను."

బావ ఇప్పుడు శృంగవరపుకోటలో పెద్దకొడుకు దగ్గర ఉంటున్నాడు, ఫోను చేస్తే ఇప్పటికీ టీ గురించే మాట్లాడతాడు. ఆ బ్లడ్ బ్యాంకులో ఇప్పుడు వేలిముద్ర పడనిదే ఏదీ తెరుచుకోదు. అలాగే ఉండాలి, ఆ మాట అందరికంటే ముందు నేనే అంటాను. మాకు తెలియకుండా ఉండిపోయిన తప్పులు ఈనాటి పిల్లలు ఇట్టే పట్టేస్తుంటే కడుపు నిండినట్టుంటుంది. కాకపోతే, నా బదులు కాసేపు కూర్చో అని ఒకరినొకరు అడిగే అవసరమే లేకుండా పోయింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ నా చేతికి చాలా అధికారాలు వచ్చాయి. తిరిగి ఇచ్చేస్తూ సంతోషపడింది మాత్రం ఆ అరువు కుర్చీ ఒక్కదానికే, బావ టీ తాగి మూతి తుడుచుకుంటూ వచ్చి నా వెనక నిలబడినప్పుడు.