అందించని మాట

అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఒక చిన్న నాటకశాల ఉంది. వర్క్ పర్మిట్ కోసం ఎదురుచూస్తూ ఇంట్లో గోడలు చూసి చూసి విసుగెత్తి, నలభై రెండేళ్ల వయసులో అక్కడ వాలంటీరుగా చేరాను. నాకిచ్చిన పని ప్రాంప్టింగ్. తెర పక్కన స్టూలు మీద కూర్చుని, నటులు మాట మరిచిపోతే మెల్లగా అందించాలి.

ఆ ఏడాది నాటకంలో ప్రధాన పాత్ర వేసింది ఒక బ్రిటిష్ నటుడు. ఎనభై మూడేళ్ల మనిషి. లండన్‌లో ఇరవై ఏళ్లకే స్టేజి ఎక్కాడు. తర్వాత సినిమాల్లో జడ్జీలు, పాదిరీలు, కుట్రలు పన్నే మంత్రులు వేసి, పెద్దతనంలో కూతురి దగ్గరికి ఇక్కడికి వచ్చేశాడు. మా పిల్లలు చూసిన ఒక సినిమాలో రెండు నిమిషాలు కనబడి చచ్చిపోతాడు. దాని గురించి ఎవరైనా అడిగితే ఆయనకు ఒళ్ళు మండేది. సినిమా వల్ల ఇల్లు గడిచిందని, తాను పని చేసింది మాత్రం స్టేజి మీదేనని అనేవాడు.

రిహార్సల్స్‌లోనే మాటలు జారిపోవడం మొదలైంది. మాటలు అందించే పరికరం చెవిలో పెట్టుకోమంటే ససేమిరా అన్నాడు. ఆట ఒక్కసారి ఆగినా ఆ వేషం ఇంకొకరికి ఇచ్చేస్తానని డైరెక్టరమ్మ తేల్చి చెప్పింది. అది తన ఆఖరి వేషమని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

నాటకంలో, చనిపోయిన భార్య కుర్చీ ముందు ఆయన మాట్లాడుతూ కావాలనే ఆగే చోటు ఒకటుంది. రెండో ప్రదర్శనలో ఆ ఆగడం మామూలు కన్నా చాలా సాగింది. మరిచిపోయాడనుకుని మాట అందించేశాను. ముందు వరుసలో ఎవరో నవ్వారు. ఆయన సీను పూర్తిచేసి లోపలికొచ్చి అందరి ముందూ నన్ను కడిగిపారేశాడు.

"నిజంగా మరిచిపోతే నా కుడిచెయ్యి చొక్కా గుండీ వెతుక్కుంటుంది. అది చూడు. లేదంటే నోరు మూసుకుని కూర్చో."

ఇంటికొచ్చి ఏడ్చాను. "పెద్దాయన్లే, లైట్ తీస్కో. షోస్ అయ్యాక మానేద్దువు గానీ" అన్నాడు మా ఆయన. నేను లైట్ తీసుకునే రకాన్ని కాదు.

ఆదివారం మధ్యాహ్నం ఆట. అదే కుర్చీ ముందు ఆయన ఆగాడు. కుడిచెయ్యి మెల్లగా గుండీ దగ్గరికి వెళ్ళింది. చూశాను. స్పష్టంగా చూశాను. మాట నా నాలుక మీదే ఉంది. ఇప్పుడు తెలుస్తుందిలే నా విలువ, అనుకున్నాను. ఇంత నీచంగా ఆలోచించగలనని నాకు అంతకుముందు తెలియదు. ఆయన తల తిప్పి నావైపు చూశాక అందించాను. అప్పటికే ఆలస్యమైంది. మళ్ళీ చెప్పాను, గట్టిగా చెప్పాను. హాలంతా విన్నారు గానీ ఆయన తలకు మాత్రం ఎక్కలేదు. గుండీ తడుముకుంటూ అలాగే నిలబడ్డాడు. డైరెక్టరమ్మ లైట్లు ఆర్పించింది.

తర్వాతి ఆట నుంచి ఆ వేషం ఇంకొకరు వేశారు. కావాలనే ఆగాడనుకున్నానని అందరికీ చెప్పాను. అంత తిట్టాక నోరు ఎలా పెగులుతుందిలే అని నన్నే ఓదార్చారు.

రెండు నెలల తర్వాత ఆయన కూతురు ఫోన్ చేసింది. నాన్న సరిగ్గా తినడం లేదు, మిమ్మల్నే అడుగుతున్నాడు, ఒకసారి రండి అంది. నిజం చెప్పేయాలని దారంతా అనుకుంటూ డ్రైవ్ చేశాను. ఆయన బాగా చిక్కిపోయాడు. నన్ను చూడగానే లేవబోయాడు, లేవలేకపోయాడు.

"నేనే నిన్ను భయపెట్టాను," అన్నాడు. "నా నోటి దురుసు వల్లే ఆ రోజు నీకు మాట రాలేదు. నన్ను క్షమించు."

నేనేమీ మనసులో పెట్టుకోలేదని చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పాడు.