నిండుకున్న డబ్బాలు

టేబుల్ ఫ్యాన్లు బిగించే ఆ కర్మాగారంలో ముప్పై రెండేళ్లుగా స్టోరు చూస్తున్న పెద్దమనిషి నోట "లేదు" అన్న మాట విన్నవారెవరూ కనబడరు. సరుకు అయిపోయిందని చెప్పవలసి వచ్చినప్పుడు ఆయన తల కాస్త వంచి, "నిండుకున్నాయి" అనేవాడు. వంటింట్లో బియ్యం గురించి తల్లి నేర్పిన ఆ మర్యాదను ఆయన స్క్రూలకూ వాషర్లకూ లోటు లేకుండా పాటించాడు. అందుకే పనివాళ్లు ఆయనకు "ఉన్నాయన" అని పేరు పెట్టుకున్నారు.

ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్న చెల్లెలి కూతురికి ఆరు వారాల ఇంటర్న్‌షిప్పు కోసం ఆయన మేనేజరు గది గుమ్మం ముందు మూడు రోజులు నిలబడ్డాడు. స్టోరులో సరుకు తరిగిన వెంటనే తిరిగి తెప్పించే పద్ధతి ఒకటి తయారు చేయడం ఆమెకు అప్పగించిన పని. చివరి శుక్రవారం కాలేజీ మేడమ్ వచ్చి చూసి సంతకం పెట్టాలి. పెట్టకపోతే వచ్చే ఏడు ఆ ఆరు వారాలూ మళ్లీ మొదటినుంచి చేయాలి.

మేనకోడలు మేడమీద కంప్యూటరు ముందు కూర్చుని, ఆఖరి వారమంతా ప్రతి ఉదయం కిందికి ఫోను చేసేది. డబ్బా నిండుగా ఉంటే తెరమీద పచ్చరంగు, ఖాళీ అయితే ఎర్రరంగు. ఎరుపు పడితే చాలు, ఆర్డరు దానంతట అదే వెళ్లిపోతుంది.

"మావయ్యా, వాషర్లు ఎలా ఉన్నాయి?"

"నిండుకున్నాయమ్మా."

"స్క్రూలు?"

"అవీ నిండుకున్నాయి. రెక్కలు మాత్రం కొంచెం ఉన్నాయి. రేపో మాపో అవి కూడా నిండుకుంటాయి."

"సూపర్ మావయ్యా!"

ఇందులో సూపర్ ఏముందో ఆయనకు బోధపడలేదు. చదువుకున్న పిల్లలు దేనికైనా ఆ మాటే అంటారు కాబోలని సరిపెట్టుకున్నాడు.

నాలుగో రోజున ఫోర్‌మన్ విసురుగా వచ్చి కిటికీ చెక్క మీద దబదబ బాదాడు.

"ఏమయ్యా ఉన్నాయనా, వాషర్లేవి?"

"కంప్యూటరుకు చెప్పించాను. ఆలోచిస్తున్నట్టుంది."

"అది ఆలోచించేలోపు నేను రిటైరైపోతానయ్యా!"

శుక్రవారం మేడమ్ వచ్చేసరికి, ఫ్యాన్లు తయారుచేసే ఆ పనివాళ్లందరూ పని లేక బల్లల మీద కూర్చుని అట్టముక్కలతో విసురుకుంటున్నారు. ఆమె మేడమీదికి వెళ్లి తెర చూసింది. అంతా పచ్చదనమే. మేనకోడలిని వెంటబెట్టుకుని తిన్నగా స్టోరులోకి దిగింది.

"డబ్బాలన్నీ నిండి ఉంటే వీళ్లు ఖాళీగా ఎందుకున్నారమ్మా?"

పిల్ల ముఖం పాలిపోయింది. "అన్నీ నిండాయని మావయ్యే చెప్పారు మేడమ్!"

"నిండాయనలేదే! నిండుకున్నాయన్నాను."

"రెండూ ఒకటే కదా? మా హాస్టల్లో అన్నం లేకపోతే వంటాయన 'అయిపోయింది పో' అనేవాడు మావయ్యా!"

మేడమ్ ఆయన వైపు తిరిగింది. "మీరే చెప్పండి. డబ్బాల్లో సరుకు ఉందా, లేదా?"

"నిండు..."

"ఉందా, లేదా?"

"ఉందని చెప్పడానికి... కొంచెం మొహమాటంగా ఉందండి."

మేనకోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి ఆయన అలమరను గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని, "లేదు!" అని అరిచాడు. ఒకసారి గొంతు దాటిన తరువాత ఆ మాటను ఆపడం ఆయన తరం కాలేదు.

"వాషర్లు లేవు! స్క్రూలు లేవు! రెక్కలు నిన్నట్నుంచీ లేవు! ఇందులో పిల్లదాని తప్పు అసలే లేదు!"

"తప్పు నాదే మేడమ్," అంది మేనకోడలు కళ్లు తుడుచుకుంటూ. "వారమంతా ఫోనులోనే అడిగాను. ఒక్కసారైనా మెట్లు దిగి మూత తీసి చూడలేదు."

మేడమ్ ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వు దాచుకుంది. "సాయంత్రం అయిదు దాకా గడువిస్తున్నాను. ప్రతి డబ్బా నీ చేత్తో తెరిచి లెక్కపెట్టు. సంతకం సంగతి ఆ తరువాత చూద్దాం."

పిల్ల నిచ్చెన ఎక్కింది. మావయ్య నిచ్చెన పట్టుకున్నాడు. నాలుగున్నరకు తెరంతా ఎర్రబడి, ఆర్డర్లు బయలుదేరాయి. పిల్ల తన పద్ధతిలో "ఎలా ఉన్నాయి?" అన్న ప్రశ్నను కొట్టేసి, "ఎన్ని ఉన్నాయి?" అని మార్చింది. యాభైకి తగ్గితే ఎరుపు పడేలా కూడా అమర్చింది. మేడమ్ అంతా ఓపికగా పరిశీలించి, చివరికి కాగితం మీద ఒక గీత గీసి ఇచ్చింది.

ఆ గీతను ఆయన అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. ఒక్క అక్షరమూ పోల్చుకోలేకపోయాడు.

"ఏమైందమ్మడూ?"

"గట్టెక్కాం మావయ్యా."

"అలా కాదు. అర్థమయ్యేట్టు చెప్పు."

"పాసయ్యాను!"

"ఆఁ, అదీ మాట!" అని ఆయన చెల్లెలికి ఫోను చేయడానికి గబగబా బయటికి నడిచాడు.