జనానా పర్దా తాడు

మా పడుచు రోజుల్లో ఆడవాళ్ళు సినిమా చూడడం పెద్ద సంగతి కాదు. సినిమా చూస్తున్న ఆడవాళ్ళను మగవాళ్ళు చూడకుండా కాపాడడం, అదీ పెద్ద సంగతి. ఎంత పెద్దదంటే, ఆ ఒక్క పని కోసమే కరీంనగర్‌లోని మా టాకీసులో ఒక మనిషిని పెట్టారు. ఆ మనిషిని నేనే. పట్నం వెళ్ళొచ్చినవాళ్ళు అక్కడి టాకీసుల గురించి గొప్పలు చెప్పుకుంటారు. పాలరాతి మెట్లట, గోడల నిండా అద్దాలట, కూర్చుంటే మునిగిపోయే కుర్చీలట. మా టాకీసుకు మాత్రం తక్కువేముంది? అంతకుముందు అది వడ్ల గోదాము. పైన రేకులు. వాన పడిందంటే హీరో నోరు కదిలించేవాడు, మాటలు రేకులు చెప్పేవి. ముందు కమాను మీద సున్నంతో చేసిన రెండు సింహాలుండేవి. (చేసినవాడు సింహాన్ని ఎన్నడూ చూడలేదని, కుక్కను మాత్రం రోజూ చూసేవాడని వాటి మొహాలు చూస్తేనే తెలిసిపోయేది.) ఉన్న రెండు పంకాలూ కుర్చీ క్లాసు మగవాళ్ళ నెత్తి మీదే తిరిగేవి. ఆడవాళ్ళకు పంకా ఎందుకు, కొంగు ఉంది కదా విసురుకోవడానికి!

హాలుకు వెనకవైపు, మెషీను గదికి సరిగ్గా కింద, ఆడవాళ్ళ కోసం ఒక ఎత్తైన అరుగు కట్టారు. దాన్ని జనానా అనేవారు. నైజాం రాజ్యం పోయింది కానీ ఆ పేరు పోలేదు, పేరుతోపాటు పర్దా కూడా పోలేదు. అరుగు ముందు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెదురు గడకు వేలాడే పచ్చటి మందపాటి గుడ్డ అది. హాల్లో దీపాలు ఆరిపోగానే తాడు గుంజి పర్దా తెరవాలి. దీపాలు వెలగబోయే ముందు ఇంకో తాడు గుంజి మూయాలి. చీకట్లో ఆడవాళ్ళు కనపడరు కాబట్టి ఇజ్జత్ భద్రం, వెలుతురులో పర్దా ఉంటుంది కాబట్టి అప్పుడూ భద్రం. ఈ రెంటికీ నడుమ ఉండే ఆ కాస్త సేపే ప్రమాదం. నాకంటే ముందు ఆ ప్రమాదాన్ని మా పెద్దమ్మ కాసేది. ఆమెకు మోకాళ్ళు పట్టేశాయి. అదే కాలంలో నూలు దొరక్క మా బాపు మగ్గం నెలల తరబడి మూలకు పడింది. దాంతో పెద్దమ్మ పదహారేళ్ళ నన్ను తీసుకుపోయి టాకీసు సేటు ముందు నిలబెట్టింది.

"పిల్ల మంచిదేనా?" అన్నాడు సేటు.

"మంచిదే సేట్. జర ఏడుపెక్కువ."

"ఏడ్వనియ్. తాడు గుంజెతందుకు కండ్లెందుకు? చేతులుంటె సాలు."

అట్లా చేతుల వరకే నాకు నౌకరి దొరికింది. పెద్దమ్మ మొదటిరోజే గట్టిగా చెప్పింది. "పైన మెషీను గదిలకెళ్ళి గంట కొడ్తరు బిడ్డా. గంట ఇనవడ్డదా, ఇగ తెర దిక్కు సూడద్దు. తాడు గుంజుడే. ఊరి ఆడోళ్ళ ఇజ్జతంత నీ చేతులున్నది." ఊరి ఇజ్జత్ అంత బరువుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. అరచేతులు బొబ్బలెక్కాయి.

అసలు చిక్కు బొబ్బలతో రాలేదు, ముగింపుతో వచ్చింది. ఆట అయిపోవడానికి కాస్త ముందుగానే గంట కొట్టేవారు. అంటే హీరో కత్తి దూయగానే పర్దా. తప్పిపోయిన బిడ్డను తల్లి గుర్తుపట్టబోతుండగా పర్దా. రెండున్నర గంటలు ఏడ్చి, ఆ ఏడుపు తీరే చోటికి వచ్చేసరికి మా కళ్ళ ముందు పచ్చగుడ్డ. అవతల మగవాళ్ళు మాటలు కూడా వినపడకుండా ఈలలు వేస్తుంటే ఇవతల మేము చెప్పులు వెతుక్కునేవాళ్ళం. కరీంనగర్ ఆడవాళ్ళలో ఏ ఒక్కరికీ ఏ ఒక్క కథ ముగింపూ తెలియదంటే నమ్మండి. ఇంట్లో మగవాళ్ళను అడుగుదామంటే సగంమంది ఇంట్లో చెప్పకుండా వచ్చినవాళ్ళే. అందుకని అందరూ నన్ను అడిగేవారు, నేను టాకీసు మనిషిని కాబట్టి నాకు తెలిసి ఉంటుందని. నాకు మాత్రం ఎక్కడిది? నేను మెషీనాయనను అడిగేదాన్ని.

మెషీనాయన అంటే పైన రీళ్ళు తిప్పే మనిషి. సన్నగా, నల్లగా, ఎప్పుడూ నూనె మరకల చొక్కాతో ఉండేవాడు. ఆట అయిపోయాక బీడీ కాల్చుకోవడానికి మెట్లు దిగి జనానా తలుపు పక్క నిలబడేవాడు. నేను తలుపు సందులోంచి అడిగేదాన్ని.

"ఏమయ్యా, ఆఖరికి ఏమైంది?"

"సచ్చిండు."

"అయ్యో! ఎవలు?"

"ఇంకెవలు, హీరోనే."

"ఎట్ల సచ్చిండు?"

"పాము కరిశింది."

ఇంకో సినిమాకు రైలు కింద పడ్డాడు. ఇంకోదానికి రక్తం కక్కుకున్నాడు. ఒక సినిమాలో హీరో, హీరోయిన్, ఆమె తండ్రి, చివరికి గుర్రం కూడా పోయింది. నేను కళ్ళు తుడుచుకుంటూ ఆ చావుకబురు జనానాలో చెప్పేదాన్ని. వాళ్ళు దాన్ని వాడవాడకూ మోసేవారు. రెండేళ్ళ పాటు కరీంనగర్ ఆడవాళ్ళు ఒక్క పెళ్ళి చూడలేదు, అన్నీ శవాలే. (నేను చెబుతుంటే రాస్తున్న మా మనవరాలు నవ్వుతోంది. రాయవే ముందు, నవ్వు తర్వాత.)

జనానాలో అందరికంటే పెద్ద మనిషి వకీలమ్మ. వకీలు సాబ్ భార్య. ఇంటి నుంచి దూది మెత్త తెచ్చుకుని మొదటి వరుసలో కూర్చునేది. వకీలు సాబ్‌కు సినిమా అంటే గిట్టదు. ఆడవాళ్ళు టాకీసులకు పోతే కొంపలు కూలతాయని చావడి దగ్గర నిలబడి మరీ చెప్పేవాడు. అందుకే ఆమె గుడిలో పురాణానికని చెప్పి ఆదివారం మధ్యాహ్నం ఆటకు చిన్నకూతురిని తీసుకుని వచ్చేది. ఆయన అదే ఆదివారం కేసుందని జగిత్యాల పోయేవాడట. ఆదివారం ఏ కోర్టు కచేరి తెరుస్తారని ఆమె ఎన్నడూ అడగలేదు, మిట్టమధ్యాహ్నం ఏ పురాణం చెబుతారని ఆయనా అడగలేదు. చక్కటి సంసారం.

ఒక ఆదివారం వకీలమ్మ వస్తూనే నా చెయ్యి పట్టుకుంది. "ఏమే పోరి! పోయిన నెల సిన్మల ఆయన రైలు కింద పడి సచ్చిండంటివి గద? మా చెల్లె ఓరుగల్లుల సూశిందట. సచ్చుడు లేదు, ఏం లేదు. బాజాబజంత్రీలతోటి లగ్గమైందట!"

"మెషీనాయన చెప్పిండమ్మా."

"ఆయన చెప్పుడు, నువ్వు సంపుడు. నేను మూడు దినాలు అన్నం తినకపోతిని ఆ పిలగాని కోసం! ఇయ్యాల ఈ సిన్మకు ఆఖరు రోజు. రేపు డబ్బా వేరే ఊరికి పోతది. నీ కండ్లతోటి సూశి చెప్పు. మల్ల అబద్ధం చెప్పినవనుకో, సేట్‌కు చెప్పి నీ నౌకరి తీసేయిస్త."

చూసి చెప్పకపోతే నౌకరి పోతుంది. చూస్తూ నిలబడితే పర్దా మూయను, అప్పుడూ నౌకరి పోతుంది. ఇంట్లో బాపు ఖాళీ మగ్గం వైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు. ఇంత తీరుబడిగా ఆలోచించుకోవలసిన సంగతిని దేవుడు ఒక్క గంట మోతలో పెట్టాడు. పైగా ఆ సినిమా మామూలు సినిమా కాదు. మొగుడు దేశాంతరం పోతే, ఆమె పన్నెండేళ్ళు గడప మీద దీపం పెడుతుంది. వారం రోజులుగా ఆ దీపం చూసి చూసి నా కళ్ళు వాచిపోయాయి. మొదటిరోజే మెషీనాయనను అడిగాను. "వచ్చిండు. గడప దాక వచ్చిండు. ఆడనే సచ్చిండు" అన్నాడు.

ఆట మొదలైంది. ఏడవవలసిన చోటల్లా ఏడ్చాను. చివరికి ఆమె ముసలితనం వచ్చినంత నీరసంగా లేచి దీపం వెలిగించింది. దూరంగా ఎవరో నడిచివస్తున్నారు. పైన గంట మోగింది. చేతులు తాడు దగ్గరికి పోయాయి, పోయి అక్కడే ఉండిపోయాయి. రెండోసారి గంట మోగింది. నాకు తోడుగా వచ్చి మూలన కూర్చున్న పెద్దమ్మ "గుంజవేమే!" అని గుసగుసలాడింది. వచ్చేది అతనే. పాము లేదు. రైలు లేదు. గడప దాకా వచ్చాడు, గడప దాటాడు కూడా! ఆమె అతని కాళ్ళ మీద పడింది, అతను లేపాడు, ఇద్దరూ ఫోటో స్టూడియోలో నిలబడ్డట్టు నిలబడి మా వైపు తిరిగి నవ్వారు. ముగ్గులాంటి అక్షరాలేవో పడ్డాయి. అంతే. రెండేళ్ళు నేను బొబ్బలెక్కిన చేతులతో కాపాడిన రహస్యం ఇంతేనా అనిపించింది. వెనక జనానా అంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. వాళ్ళకూ అదే మొదటి ముగింపు.

దీపాలు వెలిగాయి.

మగవాళ్ళు లేచి వెనక్కి తిరిగారు. వకీలమ్మ చిన్నకూతురు మెత్త మీద నిలబడి, కుర్చీ క్లాసు వైపు వేలు చూపిస్తూ సంతోషంగా అరిచింది. "అగో, బాపు!"

పంకా కింద, చేతిలో పల్లికాయల పొట్లంతో, వకీలు సాబ్.

"నువ్వు గుడికి పోతనంటివి గద?" అన్నాడాయన.

"మీరు జగిత్యాల పోతనంటిరి గద?"

"కేసు... వాయిద పడ్డది."

"పురాణం గూడ వాయిద పడ్డది."

ఇంకేం వాయిదా పడేదో కానీ, ఇంతలో మా పెద్దమ్మ మోకాళ్ళ నొప్పి మరచిపోయి ఎగిరివచ్చి తాడు అందుకుంది. రెండేళ్ళ ఇజ్జతంతా ఒక్క గుంజుడులో దక్కించుకోవాలని గుంజింది. వెదురుగడతో సహా పర్దా మొత్తం వచ్చి ఆడవాళ్ళ మీద పడింది. చెరువులో వల వేసినట్టు లోపల ఒకటే పెనుగులాట, అరుపులు. ఆ గుడ్డ కిందినుంచి వకీలమ్మ తల బయటపెట్టి, మొగుణ్ణి కాదు, నన్ను చూసింది. "బతికే ఉన్నడు గదనే!" అంది. ఆ మొహంలో వెలుగు నేను ఇప్పటికీ మరచిపోలేదు.

సేటు వచ్చాడు. పడ్డ పర్దాను చూశాడు, నన్ను చూశాడు. "చేతులు సాలంటిని. చేతులు గూడ పనికిరానియి తెచ్చినవు" అని పెద్దమ్మతో అని, రేపటి నుంచి రావద్దన్నాడు. నేను కాళ్ళావేళ్ళా పడతానని అందరూ అనుకున్నారు. నేను నేరుగా మెషీను గది మెట్లెక్కాను. ఆడపిల్ల అక్కడికి ఎక్కడం అదే మొదలు.

"సచ్చిండంటివి గద? ఏడ సచ్చిండు? నిమ్మళంగ నవ్వుకుంట నిలవడ్డడు! రెండేండ్ల సంది ఎంతమందిని సంపినవయ్యా? గుర్రాన్ని గూడ ఇడవకపోతివి!"

అతను రీలు చుట్టడం ఆపాడు. తల దించుకున్నాడు. "బతికిండంటె నువ్వు సరే అని పోతవు. సచ్చిండంటె, ఎట్ల సచ్చిండని ఇంకో పది మాటలు అడుగుతవు" అన్నాడు.

నాకు తిట్టడానికి మాట దొరకలేదు. అది నా జీవితంలో మొదటిసారి. (చివరిసారి కూడా అదేనని ఆయన అంటుండేవాడు.)

పర్దా మళ్ళీ కట్టలేదు. ఆ తర్వాతి ఆదివారం హాలు కిటకిటలాడింది. మగవాళ్ళు పర్దా లేదని వచ్చారు, ఆడవాళ్ళు ముగింపు చూడొచ్చని వచ్చారు. వకీలు సాబ్, వకీలమ్మ ఒకే టాంగాలో దిగారు. అంతకాలం నేను కాపాడిన ఇజ్జత్ ఏమైపోయిందని ఒక్కరూ వెతకలేదు. అంతా బాగుపడ్డారు, నా నౌకరి తప్ప. నెల తిరక్కుండా మెషీనాయన తల్లిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. బాపు పెద్దమ్మను పక్కకు పిలిచి పిల్లగాడు ఎట్లాంటివాడని అడిగాడు.

"మంచోడే. జర అబద్ధాలెక్కువ" అంది పెద్దమ్మ. ఆమే ఆ పచ్చ పర్దాను సేటును అడిగి తెచ్చి, కోసి, పెళ్ళికి బొంత కుట్టి ఇచ్చింది.

నలభై ఏళ్ళు ఆయన అబద్ధాలతో కాపురం చేశాను. ఆఖరున ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు, పాత అలవాటుతో అడిగాను. "ఏమయ్యా, ఆఖరికి ఏమైతది?" ఆయన నా వైపు తిరిగి, అన్నేళ్ళలో మొదటిసారి, "బతుకుత" అన్నాడు. అదీ అబద్ధమే అయింది.

ఇప్పుడు మా మనవరాలి టీవీలో రోజుకు నాలుగు సినిమాలు వస్తాయి. ముగింపు దగ్గరపడేసరికి నా చేతులు వాటంతట అవే లేస్తాయి. పోయి కిటికీ పర్దా గుంజి వస్తాను. ఎండ పడుతోందని సాకు చెబుతాను, పొద్దు గూకిన తర్వాత కూడా. తిరిగివచ్చేసరికి ఆట అయిపోయి ఉంటుంది. వంటింట్లోంచి మనవరాలు అడుగుతుంది. "అమ్మమ్మా, ఆఖరికి ఏమైంది?"

"సచ్చిండు" అంటాను.

"అయ్యో! ఎట్ల?" అంటుంది పిచ్చిది. అప్పుడు నేను నిమ్మళంగా కాళ్ళు జాపుకుని కూర్చుంటాను. ఇంకో పది మాటలు.