ఉంగరం వద్దన్న పిన్ని

మా పిన్ని మొండిది కాదని ఎవరైనా అంటే, వాళ్ళు ఆవిడ దగ్గర పట్టుమని పది నిమిషాలు కూర్చోలేదని అర్థం. ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. బాబాయి పెళ్ళైన ఏడాదికే వాదించడం మానేసి సుఖపడ్డాడు. నేను ఆవిడకు అక్క కూతుర్ని, పైగా కోట్లు కుట్టే కార్ఖానాలో ఆవిడ పక్క కుర్చీ నాది. కాబట్టి నాకా సుఖం లేదు.

పిన్ని ఇరవై ఆరేళ్ళుగా కాజాలు కుడుతోంది. గుండీ పట్టే చీలిక చుట్టూ దారంతో అంచు కట్టడం, అంతే పని. దారాన్ని మైనం ముద్ద మీద రెండుసార్లు లాగి, చిటికెన వేలు కాస్త పైకెత్తి, కుట్టు పక్కన కుట్టు ఆనించుకుంటూ పోతుంది. చివర ముడి మాత్రం వెయ్యదు. బెత్తెడు దారం వదిలేస్తుంది. మా కార్ఖానా పద్ధతి అది: కుట్టిన మనిషి ముడి వెయ్యకూడదు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, అందుకని వేరే కళ్ళు చూడాలి. ఆ కళ్ళు, మేమంతా ముడి అమ్మమ్మ అని పిలిచే ముసలావిడవి. గది చివర ఎత్తు స్టూలు మీద కూర్చుని ప్రతి కాజానీ గోరుతో లాగి చూసేది. నచ్చితే ముడి వేసేది. నచ్చకపోతే కోటు ఎగిరొచ్చి మన ఒళ్ళో పడేది. నా ఒడి ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు.

కథల్లో మంత్రపు ఉంగరం ఏ రాజకుమారుడికో ఏడు సముద్రాల అవతల దొరుకుతుంది. మాకు మేనేజరు పంచిపెట్టాడు, రిజిస్టరులో సంతకాలు పెట్టించుకుని మరీ. అప్పటికే మా ఊళ్ళో కూలీల నడుములకు బలం పట్టీలు వచ్చాయి, బడిపంతుళ్ళ మెడల్లోకి జ్ఞాపకం పూసలు వచ్చాయి. ఇక మా వేళ్ళ వంతు. అంతకు నెల ముందు ఉంగరాలు చేసే ఒకాయన మూడు రోజులు పిన్ని పక్కన కూర్చున్నాడు. దారానికి కట్టిన ఉంగరాన్ని ఆవిడ చేతి మీద వేలాడదీసి కదలకుండా పట్టుకున్నాడు. "వెలుతురుకు అడ్డం తప్పుకోవయ్యా" అని కసిరిందే తప్ప, ఏం జరుగుతోందో పిన్నికి తెలియదు.

నేను తొడుక్కున్నాను. దాచడమెందుకు, ఎంత బావుందో! పుట్టి బుద్ధెరిగాక ఒక్క వరస తిన్నగా కుట్టని నా వేళ్ళు వాటంతటవే పరుగెత్తాయి. కాసేపటికి తలెత్తి చూస్తే పన్నెండు మందిమీ ఒకేలా కుడుతున్నాం. పన్నెండు చిటికెన వేళ్ళు ఒక్కసారే పైకి లేస్తున్నాయి. పిన్ని సూది ఆపి మమ్మల్ని చూస్తోంది. ఆవిడ మొహం చూశాక ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మేనేజరు ఆవిడకూ ఒకటి తెచ్చాడు. "ఇది మీ పనితనమే అమ్మా. తొడుక్కుంటే మూడింతల వేగం."

"నా చెయ్యి నాకే అద్దెకిస్తారా?" అంది పిన్ని.

ఉంగరం తప్పు చెయ్యదు కాబట్టి చూసేవాళ్ళు అక్కర్లేదని ఆ వారమే ముడి అమ్మమ్మను ఇంటికి పంపేశారు. పిన్ని మేనేజరు గదికి వెళ్ళి, "ఆవిణ్ణి పంపకండి, పని పాడైపోతుంది" అని నలుగురూ వినేట్టే చెప్పింది. ఆయన నవ్వాడు. నెలాఖరులోగా ఉంగరం తొడుక్కోవడమో, ఇంటికి పోవడమో తేల్చుకోమన్నాడు.

"అందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి" అన్నాడు బాబాయి ఆ సాయంత్రం. "కాస్త పట్టూ విడుపూ ఉండాలే."

"దీన్ని అడుగు" అని పిన్ని నన్ను చూపించింది. "చేతులు కడుక్కోడానికి ఉంగరం తీస్తే సూదిలో దారం ఎక్కించలేకపోయింది. నా వేళ్ళూ అలా అయిపోతే? పని పోతే ఇంకోచోట కుడతాను. వేళ్ళే పోతే ఏం పెట్టి కుట్టను?"

మూడో వారంలో సరుకంతా వెనక్కి వచ్చింది. రైలు గార్డులకు పంపిన కోట్లవి. రెండుసార్లు గుండీ పెట్టి తీసేసరికి కాజా ఊడి దారం చేతికొచ్చిందట. ఉంగరాలాయన వచ్చి ఉంగరాలన్నీ తిప్పి తిప్పి చూశాడు. లోపమేమీ లేదు. పిన్ని చెయ్యి ఎలా కుట్టిందో అచ్చం అలాగే కుట్టి, బెత్తెడు దారం వదిలి ఆగిపోయాయి. ఇరవై ఆరేళ్ళలో ఆ చెయ్యి ఒక్క ముడి వేసింది లేదు మరి. మా పన్నెండు మందిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ముడి ఏనాడూ మా పని కాదు. వేలాడే దారాలను ఇస్త్రీ బల్ల దగ్గర అలవాటు కొద్దీ కత్తిరించేశారు.

మేనేజరు పిన్ని మీద పడ్డాడు. "తెలిసీ నోరు మూసుకున్నారా?"

"మూసుకోలేదు. మీ గదికొచ్చి చెప్పాను. మీరు నవ్వారు."

"పోనీ, ఆ ముడేదో ఒక్కసారి వేసి చూపించమ్మా, ఉంగరానికి పట్టేస్తాను" అన్నాడు ఉంగరాలాయన.

పిన్ని రెండు చేతులూ చంకల్లో దాచుకుంది. "నాకు రాదు. వచ్చినా చూపించను."

ముడి అమ్మమ్మ కోసం మనిషిని పంపారు. ఆవిడ తాపీగా వచ్చి, ఉంగరాలాయన చేతిలో ఉన్నదాన్ని ఎగాదిగా చూసింది. "ముడి వెయ్యడం ఒక పూటలో వస్తుంది నాయనా. బాగాలేదని మొహం మీదే చెప్పడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. అది ఏ వేలికి తొడుగుతావు?"

పైగా ఊడిన కాజాను విప్పి మళ్ళీ కుట్టడం ఉంగరాలకు చేతకాలేదు. ఉంగరాలాయన పక్కన కూర్చున్న ఆ మూడు రోజుల్లో పిన్ని కుట్టిన కోటు ఒక్కటీ ముడి అమ్మమ్మ వెనక్కి విసరలేదు, ఇక ఉంగరాలు మరమ్మతు ఎక్కడ చూస్తాయి? ఒళ్ళో పడ్డ కోట్ల పుణ్యమా అని, విప్పి కుట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరు. నా ఉంగరం తీసి బల్ల మీద పెట్టాను. దారం ఎక్కించడానికి తొమ్మిదిసార్లు పట్టింది. పిన్ని సాయం చెయ్యలేదు, ఎక్కేదాకా చూస్తూ కూర్చుంది. ఇంకో ఇద్దరు తీశారు. మిగతావాళ్ళు తియ్యలేదు, వాళ్ళ ఇష్టం.

మేనేజరు నుదురు తుడుచుకుని పిన్ని వైపు తిరిగాడు. "సరే. ఆవిడ స్టూలు ఆవిడదే. మీరూ ఉత్త చేత్తోనే కుట్టండి. ఈ సరుకు అయ్యేవరకే!"

పిన్ని తలెత్తలేదు. దారాన్ని మైనం మీద లాగుతూ అంది, "సరుకు అయ్యేవరకు కాదు సార్. ఈ కుర్చీలోంచి నేను లేచేవరకు."

ఆ మేనేజరు వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినాయనా వెళ్ళిపోయాడు. పిన్ని ఇంకా లేవలేదు.